ఏటవాలు గీతకి కింద

ఆ కాగితాల కట్ట హైదరాబాదు నుంచి బందరు వచ్చిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేక కాదు. ఆ కట్ట నా చేతికి రాకుండా ఎదురు బల్ల మీదికి వెళ్ళింది, అందుకు. క్యారేజీ విప్పి, మళ్ళీ గిన్నెలు పేర్చి మూత పెట్టేసి, ఇంటికి తీసుకెళ్ళి కడుపునొప్పని అమ్మతో అబద్ధం చెప్పాను. మంట ఉన్న మాట మాత్రం నిజమే.

అది ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది. దివిసీమలో పసిపిల్లల మీద ఒక ఆరోగ్య సర్వే నడుస్తుండేది. దాని ఆఫీసు బందరులో ఒక పాత పెంకుటిల్లు. సర్వే నడిపే డాక్టరుగారు, ఎదురు బల్ల ఆయన, నేను, ఊళ్ళకి వెళ్ళినప్పుడు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే ముస్లిం ఆయమ్మ ఒకావిడ, జీపు డ్రైవరుని వదిలేస్తే అంతే మేము. నేను లెక్కలతో బీయెస్సీ ప్యాసైనదాన్ని. మా తాతగారి దగ్గర్నుంచీ ఇంట్లో అందరూ పంతుళ్ళే కాబట్టి ఒకరు తప్పు చేస్తే పట్టుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చింది. ఉద్యోగం పేరు స్టాటిస్టికల్ అసిస్టెంటు. చేసేది కార్డులు నింపడం, కూడికలు చేయడం.

సర్వేలో తేలాల్సింది ఒకటే. పిల్లల జబ్బ చుట్టూ టేపు చుట్టి కొలుస్తాం. జబ్బ సన్నగా ఉంటే తిండి చాలక చిక్కిపోయినట్టు. మరి సన్నం అంటే ఎంత సన్నం? టేపు మీద ఎర్ర గీత ఎక్కడ వేయాలి? అసలు టేపుని నమ్మొచ్చా? ఇది తేల్చడానికి డాక్టరుగారు ప్రతి పిల్లనీ త్రాసులో తూచి, స్వయంగా పరీక్ష చేసి, చిక్కిన పిల్లలెవరో బాగున్న పిల్లలెవరో ముందే రాసి పెట్టారు. టేపు చెప్పేది దాంతో కలిస్తే, లంక ఊళ్ళల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల దగ్గరే టేపులు ఉంచేస్తారు. ఎర్ర గీత లోపలికి వచ్చిన పిల్లని అప్పటికప్పుడు పడవెక్కించి అవనిగడ్డలో మా పోషణ కేంద్రానికి పంపేస్తారు. కలవకపోతే టేపులు వెనక్కి తెచ్చేయడమే. ఇక త్రాసులు కొనాలి, వాటిని పడవల్లో లంకలకి చేర్చాలి, అది ఎప్పటికయ్యేనో దేవుడికే ఎరుక.

కార్డుల్లోని అంకెలన్నీ హైదరాబాదులో ఒక కంప్యూటరుకి పంపించాం. అది ఎలా పని చేస్తుందో నేర్చుకు రావడానికి పదిహేను రోజుల ట్రైనింగుకి ఒకరిని పంపాలంటే ఎదురు బల్ల ఆయన్ని పంపారు. "నువ్వు ఆడపిల్లవి కదమ్మా, అక్కడ ఎక్కడుంటావు, ఏం తింటావు?" అన్నారు డాక్టరుగారు, నా మీదేదో దయ తలచినట్టు. అక్కడికి హైదరాబాదులో ఆడవాళ్ళే లేనట్టు!

ఎదురు బల్ల ఆయనది గుడివాడ. రోజూ పొద్దున్నే ప్యాసింజరులో దిగి, స్టేషను నుంచి సైకిలు మీద వచ్చేవాడు. డిగ్రీలో నాకంటే మార్కులు తక్కువ. ఈ సంగతి నేను అడిగి మరీ తెలుసుకున్నాను. అయినా మనిషిని తిట్టుకోవడానికి సందు దొరికేది కాదు. గట్టిగా మాట్లాడడు, తెచ్చుకున్న గోంగూర పచ్చడి అందరికీ పెడతాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండేది. ట్రైనింగు నుంచి వచ్చాక జేబులో రెండు పెన్నులు, చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. అబ్బో, ఆ నోటుబుక్కు! డాక్టరుగారు ఏదడిగినా అది తెరిచి చూసి చెప్పేవాడు. నేను నోటికి లెక్క కట్టి ముందే చెప్పేసినా, ఆయన నోటుబుక్కు తెరిచేదాకా డాక్టరుగారు ఆగేవారు. నా కళ్ళలో కారం కొట్టినట్టుండేది.

సోమవారం వచ్చిన ఆ కట్ట అంచుల వెంట చిల్లులున్న వెడల్పు కాగితం, మడతలు మడతలుగా. దాని చివరి పేజీలో నక్షత్రం గుర్తులతో అచ్చయిన వంపు గీత. దాన్ని ఆర్.ఓ.సి. కర్వు అంటారు. ఎలా చదవాలో డాక్టరుగారు అంతకుముందే నల్లబల్ల మీద గీసి మా ఇద్దరికీ చెప్పారు. ఎర్ర గీతని టేపు మీద ఒకచోట పెడితే, చిక్కిన పిల్లల్లో ఎంతమంది దొరుకుతారో లెక్క కట్టి అంత పైకి పోవాలి. బాగున్న పిల్లల్లో ఎంతమంది పొరపాటున దొరుకుతారో లెక్క కట్టి అంత పక్కకి పోవాలి. అక్కడొక చుక్క. ఎర్ర గీతని కొంచెం జరిపితే ఇంకో చుక్క. అన్నీ కలిస్తే వంపు. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకి ఒక ఏటవాలు గీత ఉంటుంది. అది బొమ్మా బొరుసూ వేసి రోగం చెప్పడంతో సమానం. వంపు దానికి ఎంత పైకి ఉబ్బితే పరీక్ష అంత మంచిది. వంపు కింద ఉన్న జాగా ఎంతో కంప్యూటరు ఒక అంకె వేస్తుంది. సగమైతే బొమ్మా బొరుసూ, ఒకటికి దగ్గరైతే బంగారం.

మంగళవారమంతా ఆయన ఆ పేజీ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. బుధవారం పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, ఓసారి ఇది చూస్తారా? ఏదో తేడాగా ఉంది."

"నాకెందుకండీ, నేనేం ట్రైనింగు అయ్యానా?" అన్నాను తల ఎత్తకుండా.

నవ్వి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్ళగానే చటుక్కున లేచి ఆ పేజీ చూశాను. చూడకుండా ఎలా ఉంటాను! చుక్కలన్నీ ఏటవాలు గీతకి కింద ఉన్నాయి. జారిపోయి కుంగినట్టు, కింద కుడి మూలకి అతుక్కుని. జాగా అంకె సగానికి ఎంతో తక్కువ. అంటే టేపు బొమ్మా బొరుసూ కంటే అధ్వానమన్నమాట.

నాకు నమ్మబుద్ధి కాలేదు. బీరువాలోంచి కార్డులు తీసి నేల మీద వరసగా పేర్చాను, బాగా సన్న జబ్బ మొదట, లావు జబ్బ చివర. గళ్ళ కాగితం తీసుకుని, చిక్కిన పిల్ల కార్డు వస్తే ఒక గడి పైకి, బాగున్న పిల్ల కార్డు వస్తే ఒక గడి పక్కకి వేసుకుంటూ పోయాను. వంద కార్డులు దాటేసరికే తెలిసిపోయింది. నా గీత చక్కగా ఏటవాలు గీతకి పైన ఉబ్బింది. కంప్యూటరుది సరిగ్గా దాన్ని తలకిందులుగా తిప్పి పెట్టినట్టుంది. అది కార్డుల్ని లావు జబ్బ వైపు నుంచి మొదలుపెట్టింది! బీపీలకీ షుగర్లకీ రాసిన ప్రోగ్రాం అయ్యుంటుంది, అంకె ఎక్కువైతే రోగమనుకుంటుంది. మన టేపుకి అంకె తక్కువైతే రోగం. ఆ మాట దానికి ఎవరూ చెప్పలేదు.

మా పక్కింటి పిన్నిగారు ఒకావిడ ఉండేది. ఆవిడ బస్సు వెళ్ళిపోయిందంటే ఇంకా రాలేదని, రాలేదంటే వెళ్ళిపోయిందని అర్థం. ఆవిణ్ణి అడిగే నేను రోజూ కాలేజీ బస్సు అందుకునేదాన్ని. ఈ కాగితమూ అంతే. ఏటవాలు గీతకి అంత కిందకి దిగిందంటే టేపు పనికిరానిది కాదు, అద్భుతంగా పనికొస్తుంది. తిరగేసి చదువుకుంటే చాలు.

కార్డులన్నీ ఎత్తి బీరువాలో పెట్టేశాను. గళ్ళ కాగితం మడిచి నా సంచిలో దాచుకున్నాను. ఆయన వచ్చాక చెప్పలేదు. డాక్టరుగారికీ చెప్పలేదు.

ఎందుకో దాచడం దేనికి, కుళ్ళు. పచ్చి కుళ్ళు. శనివారం మీటింగు ఉంది, కలెక్టరాఫీసు నుంచి ఇద్దరు అధికార్లు వస్తున్నారు. వాళ్ళ ముందు నల్ల అట్ట నోటుబుక్కు పట్టుకుని నిలబడి తప్పు చదవనీ అనుకున్నాను. డాక్టరుగారు అక్కడికక్కడే పట్టుకుంటారు, ఈయన మొహం మాడిపోతుంది, నేను మెల్లగా లేచి గళ్ళ కాగితం బయటికి తీస్తాను. మూడు రోజులూ ఆ ముచ్చట మనసులో ఎన్నిసార్లు చూసుకున్నానో! ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

శుక్రవారం ఆయన మళ్ళీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నాకు నిద్ర పట్టట్లేదు చెల్లెమ్మా. మీరు లెక్కల్లో గట్టివారు కదా. టేపు అంత పనికిమాలిందంటారా?"

"కంప్యూటరు కంటే మనకెక్కువ తెలుసా అండీ?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఈనాటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది, ఎంత తీయగా అన్నానో.

శనివారం మీటింగులో ఆయన చదివాడు. వంపు ఏటవాలు గీతకి కింద ఉంది కాబట్టి టేపు కొలత నమ్మదగింది కాదని చెప్పాడు. నేను డాక్టరుగారి మొహమే చూస్తున్నాను. ఇప్పుడు పట్టుకుంటారు, ఇప్పుడు పట్టుకుంటారని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చూశారు, తీసేశారు.

"కంప్యూటరే చెప్పాక ఇంకేముంది. టేపుల మీద నాకూ మొదట్నుంచీ అనుమానమే," అన్నారు. "బాగా చదివావయ్యా. మనకి నచ్చిన జవాబు రాకపోయినా దాచకుండా చెప్పావు, అదీ పద్ధతి."

అధికార్లిద్దరూ తలలూపారు. ఒకాయన ఎదురు బల్ల ఆయనకి షేక్ హ్యాండ్ కూడా ఇచ్చాడు. శనివారం సాయంత్రాలు లంకల కార్యకర్తలందరూ నాగాయలంక వచ్చి రిపోర్టులు ఇచ్చి వెళ్ళడం అలవాటు. "జీపు ఎలాగూ వెళ్తోందిగా, టేపులన్నీ పట్టుకొచ్చేయమనండి," అని డాక్టరుగారు డ్రైవరుకి కబురు పెట్టారు.

ఎవరికీ తెలియలేదు! తప్పు పట్టుకునేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు ఆ గదిలో, నేను తప్ప. అప్పుడే లేచి చెప్పొచ్చు. సంచి ఒళ్ళోనే ఉంది. కానీ ఆ షేక్ హ్యాండ్ చూశాక నాకు ఏడుపొచ్చేసింది. పిల్లల కోసం వచ్చిన ఏడుపు కాదది. తప్పు చదివినా ఆయనకే మెప్పు, ఒప్పు చదివిన నేను మూల కుర్చీలో. నాకు అదొక్కటే కనబడింది.

బయటికి వచ్చాక ఆయమ్మ నా పక్కన నడుస్తూ అడిగింది.

"టేపు తప్పంటారేంటి అమ్మాయిగారూ? నా చేత్తో పట్టుకున్న జబ్బలు కదా అన్నీ. ఇంతలా పుల్లలాగుంటే చూడగానే తెలియదా? మరి త్రాసులు లంకలకి ఎప్పుడొస్తాయంట?"

"నెల పట్టచ్చు," అన్నాను.

"నెలా! ఈ నెలలో చిక్కిపోయే పిల్లలు ఆగుతారా అమ్మాయిగారూ, త్రాసు వచ్చేదాకా?"

ఆవిడ మామూలుగానే అడిగింది. అప్పటికి జీపు వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున ప్యాసింజరెక్కి గుడివాడ వెళ్ళాను. పెడన దాటాక వెనక్కి తిరిగిపోదామనుకున్నాను, కవుతరంలో బండి ఆగినప్పుడు మళ్ళీ అనుకున్నాను. డాక్టరుగారి దగ్గరికి కాకుండా ఈయన దగ్గరికే ఎందుకు వెళ్తున్నానంటే, డాక్టరుగారు "ఎప్పుడు చూశావమ్మా?" అంటే చెప్పలేను కాబట్టి. ఈయనకైతే ఏదో ఒకటి చెప్పొచ్చు. అంతటి ధైర్యం నాది.

వాళ్ళమ్మగారు తలుపు తీసింది. ఎవరో చెప్పగానే మొహం చాటంత చేసుకుంది.

"నువ్వేనా తల్లీ, ఆ లెక్కలమ్మాయివి! మావాడు రోజూ చెప్తాడు. నన్ను కాదమ్మా, ఆ అమ్మాయిని పంపాల్సింది హైదరాబాదు అంటాడు. రా, రా, పెసరట్లు వేస్తున్నా."

ఒక్క ముక్క దిగితే ఒట్టు. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాక గళ్ళ కాగితం తీసి పెట్టాను. నేను నోరు విప్పే పని కూడా లేకపోయింది. ఆయన నా గీత చూశాడు, లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చాడు, గబగబా తిప్పి ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆయన చేతిరాతే. అంకె ఎక్కువైతే రోగమని ప్రోగ్రాం అనుకుంటుంది, తక్కువైతే రోగమయ్యేచోట ముందే చెప్పాలి అని ఉంది.

"రాసుకున్నానండీ! రాసుకుని మర్చిపోయాను. అయ్యో, టేపులు వెళ్ళిపోయాయే! ఎప్పుడు కనిపెట్టారు ఇది?"

"నిన్న. మీటింగయ్యాక," అన్నాను.

"దేవుడే చూపించాడు మీకు," అన్నాడు. కాస్తయినా అనుమానం లేదు ఆ మొహంలో. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

సోమవారం డాక్టరుగారి ముందు ఆయనే నిలబడ్డాడు. తప్పు నాదండీ, ముందే చెప్పాల్సింది చెప్పకుండా అంకెలు పంపాను, కనిపెట్టింది ఈవిడ అన్నాడు. డాక్టరుగారు గళ్ళ కాగితం పక్కన కంప్యూటరు పేజీ పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత లేచి వచ్చి ఆయన భుజం తట్టారు.

"తప్పు ఒప్పుకోవడానికి గుండె ఉండాలయ్యా."

నా వైపు తిరిగి, "ఆఁ, మంచిది, మంచిదమ్మా," అన్నారు.

చూశారా? అప్పుడు కూడా నా కడుపు మండింది. సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట కూడా, భుజం తట్టింది ఆయన్నే అని మండింది.

మంగళవారం టేపులు తీసుకుని ఇద్దరం జీపులో బయల్దేరాం, ఆయమ్మ వెనక సీట్లో. చల్లపల్లి మీదుగా పులిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళి పడవెక్కాం. మొదటి లంకలో రేవు దగ్గరే మా కార్యకర్త కలిసింది. ఆవిడ పక్కన పిల్లనెత్తుకుని ఒక తల్లి నిలబడి ఉంది. పడవలో డాక్టరుగారు వస్తారేమోనని పొద్దుట్నుంచీ అక్కడే ఉందట.

"ఆదివారం పొద్దున్నే ఎత్తుకొచ్చానండీ," అంది ఆ తల్లి. "జబ్బ కొలిచే పట్టీ లేదు, పట్టుకుపోయారు, త్రాసు వచ్చాక కబురు పెడతానని పంపేశారు. అప్పట్నుంచీ విరేచనాలు. నిన్నట్నుంచీ పాలు కూడా పట్టట్లేదు."

కార్యకర్త తల దించుకుంది. ఆవిడ తప్పేముంది, చెప్పింది చేసింది. ఆయమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. నేను టేపు చుట్టాను. ఇంకా ఎర్ర గీత వేయలేదు గాని, ఎక్కడ వేసినా ఆ పిల్ల దానికి చాలా లోపలే. జబ్బ నా బొటనవేలంత ఉంది. ఆదివారం ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు, ఆ రోజు కొలవడానికి టేపు లేదు కాబట్టి.

అదే పడవలో అవనిగడ్డ పంపేశాం. ఆ పిల్ల బతికింది. నెల రోజులకి లేచి కూర్చుందని ఆయమ్మ తర్వాత చెప్పింది. బతక్కపోయి ఉంటే ఇదంతా రాసే ధైర్యం నాకుండేది కాదు.

పడవెక్కే ముందు ఆ తల్లి, పట్టీ మళ్ళీ ఎలా తెచ్చారని అడిగింది. ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. రేవులో పదిమంది ఉన్నారు, అందరికీ వినిపించేలా చెప్పాడు.

"తప్పు చేసింది నేనమ్మా. పట్టుకున్నది ఈవిడ. ఈవిడ చెప్పకపోతే నెల దాకా పట్టీ వచ్చేది కాదు."

ఏడాదిగా నేను కోరుకున్నది అదే. ఆయన నోటితో, పదిమందిలో, నా గురించి ఆ మాట. ఆ తల్లి పిల్లని ఒక చంకన సర్దుకుని, రెండు చేతులూ దగ్గరికి తెచ్చి నాకు దండం పెట్టింది. బుధవారం నుంచి శనివారం దాకా నోరు మూసుకున్నదాన్ని, నోరు తెరిచి కాదమ్మా అనొచ్చు. అనలేదు. తల ఊపి, ఆ దండం పుచ్చుకున్నాను.